మేక చెవి మీది మచ్చ

అచ్చాఫీసు మీది గది,
జనవరి 9

ఒరే తమ్ముడూ,

నువ్వు దొంగవి. ఈ ముక్క చదివి "అక్కకి మళ్ళీ మొదలైంది" అని నవ్వుకోబోతున్నావు చూడు, ఆ నవ్వు అక్కడే ఆపు. నేను తిట్టడం లేదు. ఉన్న మాట అంటున్నాను. ఒకరి పని ఎత్తుకెళ్ళి ఇంకొకరి పేరు మీద పెట్టేవాణ్ణి ఇంకేమంటారో నువ్వే చెప్పు.

మీ బొమ్మల సినిమా కంపెనీ స్వర్ణోత్సవ పుస్తకం మా గది కిందే అచ్చవుతోంది. నా పత్రిక అచ్చయ్యేదీ ఆ మిషను మీదే. ప్రూఫులు దిద్దే పెద్దమనిషి నిన్న టీ గ్లాసు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "మీ తమ్ముడుగారు భలే రాశారండీ, కళ్ళకి కట్టినట్టుంది" అని మొదటి అధ్యాయం నా ముందు పెట్టాడు. చదివాను. నిజంగానే కళ్ళకి కట్టావు. గంతలు.

"నమిలయ్య పుట్టుక." ఒక ఉదయం మీ కంపెనీ పెట్టిన పెద్దాయన గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్నారట. ఏది కుడి చెంపో ఏది ఎడమ చెంపో ఒక్క క్షణం తికమకపడ్డారట. అంతే, ఆలోచన తట్టిందట: కనపడ్డ కాగితమల్లా నమిలేసే ఒక మేక, అది కాగితం మింగగానే దాని చెవి మీది నల్లమచ్చ ఈ చెవి నుంచి ఆ చెవికి దూకడం! ఆ దూకుడికే యాభై ఏళ్ళుగా పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. అదంతా సబ్బు నురగలోంచి పుట్టిందన్నమాట.

మరి అమ్మ ఏదిరా? పుస్తకం మొత్తంలో "రంగుల గది" అన్న మాట ఒక్కచోట ఉందని ప్రూఫులాయన చెప్పాడు. ఆ గదికి కిటికీలెన్నో చెప్పడానికి.

నీకప్పుడు రెండేళ్ళు. నాకు ఏడు. నా జడ వేస్తూ అమ్మ చెప్పిన కథ నీకు గుర్తులేకపోతే నేను గుర్తుచేస్తాను. రంగుల గదిలో అమ్మతో కలిపి ఏడుగురు ఆడవాళ్ళు. అద్దంలాంటి పల్చని షీట్లు. ముందువైపు సిరాతో గీత, వెనక్కి తిప్పి రంగు. కుంచె జాడ తెర మీద కనపడకూడదు కాబట్టి రంగెప్పుడూ వీపు వైపే. షీటు మీద వేలిముద్ర పడకూడదని పల్చటి చేతితొడుగులు, కుంచె పట్టుకోవడానికి మూడు వేళ్ళ దగ్గర కత్తిరించినవి. గోడ మీద ఒక నోటీసు: "పనివేళల్లో మాటలు నిషేధం." ఒకరోజు భోజనాల వేళ ఆ నోటీసు మూల కొరుకుతున్నట్టు ఒక మేక బొమ్మ వెలిసింది. నమిలయ్య కాదు, నమిలమ్మ. ఆడమేక. పెద్దాయన చూసి నవ్వి, దీంతో రెండు నిమిషాల సినిమా తీద్దామన్నాడు. ఆయన చేసిన పని అంతే, నవ్వడం.

మచ్చ సంగతి. మేక కాగితం మింగిన తర్వాతి నలభై షీట్లు అమ్మ ముందుకొచ్చాయి. రంగుల చీటీలో "ఎడమ చెవి నలుపు" అని ఉంది. అమ్మ షీటు తిరగేసి, తన ఎడమచేతి వైపున్న చెవికి నలుపు పూసింది. ఇటు తిప్పితే అది కుడి చెవి! నలభై షీట్లూ అంతే. మళ్ళీ వెయ్యడానికి వ్యవధి లేదు. అలాగే ప్రదర్శించారు. హాలు హాలంతా నవ్వింది. షీటు వీపు మీద పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. దానికి గడ్డం గీసుకునే అద్దంతో ఏం పని?

జవాబు కాగితం మీద రాయి. ఫోను వద్దు. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. పుస్తకం అచ్చుకెళ్ళేది మే నెలలో. ఈలోపు అమ్మ పేరు అందులో ఉండాలి.

నీ అక్క

*

స్టూడియో రికార్డు గది,
ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం అందింది. రిజిస్టరు పోస్టులో పంపి, రసీదు మీద సంతకం పెట్టించుకున్నావు. ఇంకా నయం, వేలిముద్ర అడగలేదు. ఇక్కడ మేనేజరు "ఏవండీ, కోర్టు కాగితాలా?" అన్నాడు. "కాదండీ, మా అక్క" అన్నాను. "ఓహో, రెండూ ఒకటేగా" అని వెళ్ళిపోయాడు. నీ పత్రిక ఆయనా చదువుతాడు, దాచుకుని.

నేను దొంగనో కాదో తర్వాత తేల్చుకుందాం. పుస్తకం నా ఇష్టానికి రాసేది కాదు. దగ్గరున్న కాగితాన్ని బట్టి రాసేది. పెద్దాయన గీసిన మొదటి బొమ్మ నా బీరువాలో ఉంది. పక్కపక్కనే రెండు మేకలు: మింగకముందు ఎడమ చెవికి మచ్చ, మింగాక కుడి చెవికి. కింద తేదీ, ఆయన చేతిరాతలోనే. సినిమా ప్రదర్శనకి ఆరునెలల ముందుది. దీనికి ఎదురుగా నేనేం పెట్టను? నీ జడా?

అమ్మ ఆ కథ నాకూ చెప్పింది. నీకన్నా ఎక్కువసార్లే చెప్పింది. ఆవిడ మంచం పట్టిన రెండేళ్ళూ పక్కన కూర్చున్నది నేను, నువ్వు సభల్లో ఉన్నావు. కథగా అది బాగుంటుంది. కథగానే ఉంచుకో.

ఒక్క మాట వింటావా? ఈ విషయం తవ్వకు. నా ఉద్యోగం కోసం చెప్పడం లేదు. వచ్చే ఏడాది ఎలాగూ మానేద్దామనుకుంటున్నాను. తవ్వకు, అంతే.

ఆరోగ్యం జాగ్రత్త. ఆ మెట్లు ఎక్కి దిగడం తగ్గించు.

తమ్ముడు

*

అచ్చాఫీసు మీది గది,
ఫిబ్రవరి 11

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి అక్కగా, మూడుసార్లు సంపాదకురాలిగా. అక్కకి కోపమొచ్చింది. సంపాదకురాలికి అనుమానమొచ్చింది. రెండోదే నీకు ఎక్కువ ప్రమాదం.

ముందు ఆ తేదీ. సినిమా తీస్తుండగా, రంగుల గదిలో, పొరపాటున మచ్చ మారింది. అది మారుతుందని ఆరునెలల ముందే ఆయనకెలా తెలుసు? కలలో కనపడిందా? కాగితం మీద తేదీ ఆయన చేతిరాతలోనే ఉందంటావు. ఉండనీ. ఆ చెయ్యి దాన్ని ఏ సంవత్సరంలో రాసింది? అది అడగవేం? ముప్ఫై ఏళ్ళుగా పాత కాగితాల మధ్య బతుకుతున్నవాడివి, పాత సిరాకీ కొత్త సిరాకీ తేడా తెలియనివాడివా? తెలిసే రాశావు. అందుకే దొంగ అన్నాను. గుడ్డివాడు అనలేదు, గమనించు.

రెండు. "తవ్వకు" అని ఒక ఉత్తరంలో రెండుసార్లు రాశావు. ఏమీ పాతిపెట్టనిచోట తవ్వొద్దని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మీ నమిలయ్య చరిత్ర నేను చెప్తాను, రాసుకో. మొదటి సినిమాలో అది నోటీసు తిన్నది. రెండోదాంట్లో జరిమానా చీటీ, మూడోదాంట్లో ఇల్లు ఖాళీ చెయ్యమన్న ఉత్తర్వు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎందుకు? తాము నమలలేని కాగితాలు అది నమిలింది కాబట్టి. ఆ తర్వాత ఎవరి కాలు తొక్కిందో, ఇంటి ఉత్తర్వులు మానేసి పిల్లల ప్రోగ్రెస్ కార్డులు తినడం మొదలుపెట్టింది. పదేళ్ళకి మెడకి టై కట్టారు. ఆడమేక మగమేక అయింది. పొదుగు చెరిపేసింది ఎవరు? మీ రికార్డుల్లో దానికీ తేదీ ఉందా? ఇప్పుడది బిస్కట్లు తింటుంది, టూత్‌పేస్టు పొగుడుతుంది, యజమానుల సంఘం సభలో స్వాగతం పలుకుతుంది. మొన్న మీ గేటు దగ్గర "అనుమతి లేనిదే లోపలికి రాకూడదు" అన్న బోర్డు పట్టుకుని నిలబడింది. నోటీసు తిని పుట్టిన మేక చేత నోటీసు మోయిస్తున్నారు కదరా! ఆ బోర్డు నువ్వు రోజూ దాటి వెళ్తావు. ఏమీ అనిపించదా?

నేను ఊరుకోను. ఏప్రిల్ సంచిక మొత్తం దీని మీదే. ముఖచిత్రం అమ్మ ఫొటో, చేతితొడుగులతో ఉన్నది. శీర్షిక: "మేకని కన్నతల్లి."

నీకొక పని చెప్తాను. రంగు వేసినవాళ్ళు షీటు మూల తమ రంగు చుక్క పెట్టేవారు, ఎవరి పని ఎవరిదో తెలియడానికి. ఎర్ర చుక్క అమ్మది. ఆ నలభై షీట్లు తియ్యి. మూల చూడు. ఎర్ర చుక్క ఉందని ఒక్క వాక్యం రాసి పంపు. నా సంచికకి అది చాలు. నీ మొహం కూడా చూపించక్కర్లేదు.

అక్క

*

రికార్డు గది,
మార్చి 3

అక్కా,

ఆ సంచిక వెయ్యకు.

షీట్లు చూశాను. పాడైపోయాయి. ఆ అర తలుపు తీస్తే పులిసిన వాసన, షీట్లు ఒకదానికొకటి అంటుకుని అట్టలా అయ్యాయి. మూలలు కనపడే స్థితిలో లేవు.

నా పోయిన ఉత్తరం ఎవరికైనా చూపించావా? ప్రూఫులాయన నిన్న ఫోను చేసి నీ సంగతులు అడిగాడు, అవసరానికి మించి అడిగాడు. నా ఉత్తరాలు పత్రికలో వెయ్యవని నాకు మాటివ్వు. ఇవ్వకపోయినా, అమ్మ ఫొటో మాత్రం వెయ్యకు. బతిమాలుతున్నాను అనుకో.

తమ్ముడు

*

అచ్చాఫీసు మీది గది,
మార్చి 8

తమ్ముడూ,

షీట్లు పాడైపోయాయా, పాపం. అయితే మీ పుస్తకం పద్నాలుగో పేజీలో నవ్వుతున్న ఆ షీటు ఏమిటి నాయనా?

ఫొటోలతో కూడిన ప్రూఫులు నిన్న వచ్చాయి. పేజీ నిండా మేక, కుడి చెవికి మచ్చ, మూతికి అంటుకున్న కాగితం తునక. కింద నీ రాతే: "మొదటి చిత్రంలోని అసలు షీటు, చెక్కుచెదరని స్థితిలో." చెక్కుచెదరని స్థితిలో! మార్చి మూడున పులిసిపోయింది, ప్రూఫులో ఘుమఘుమలాడుతోంది.

భూతద్దం పెట్టి చూశాను. షీటు మూడు మూలలూ కనపడుతున్నాయి. పైన రెండు, కింద కుడిది. కింద ఎడమ మూల లేదు. ఫొటో అక్కడ ఏటవాలుగా కత్తిరించి ఉంది. ప్రూఫులాయన్ని అడిగాను, "మీరు కత్తిరించారా?" అని. "అయ్యో, లేదండీ. స్టూడియో నుంచి అలాగే వచ్చింది. కావాలంటే కవరు చూసుకోండి" అన్నాడు. కవరు మీద చిరునామా నీ చేతిరాత.

చిన్నప్పుడు నువ్వు మార్కుల కాగితం మడిచి, నాన్నకి పేరు మాత్రమే కనపడేలా పట్టుకునేవాడివి. యాభై దాటినా అదే బుద్ధి. మూల కత్తిరించమని నీకెవరు చెప్పారు? మేనేజరా? ఏం ఆశ చూపించాడు? లేక నువ్వే చేశావా? నువ్వే చేస్తే, అమ్మ మీద నీకు అంత పగ దేనికి?

ముఖచిత్రం అచ్చయిపోయింది. ఐదొందలు, కింద కట్టలు కట్టి ఉన్నాయి. లోపలి పేజీలు ఈ నెల ఇరవైన మిషనెక్కుతాయి. నీకు పన్నెండు రోజులు.

అక్క

*

ఇంటి నుంచి,
మార్చి 14

అక్కా,

ఇది ఆఫీసు కాగితం కాదని గమనించే ఉంటావు. దాన్నుంచి ఇంకేదో అనుమానం లాగకముందే నేనే చెప్పేస్తాను. మూల కత్తిరించింది నేనే. ఎవరూ చెప్పలేదు. కత్తెర నాది, చెయ్యి నాది. షీట్లు పాడైపోయాయన్నదీ అబద్ధమే.

ఆ షీటు పూర్తి ఫొటో దీనితో పంపుతున్నాను. మూల చూడు. భూతద్దం అక్కర్లేదు.

నీలం చుక్క.

నలభై షీట్లూ చూశాను. ఇప్పుడు కాదు, పదకొండేళ్ళ కింద. ఒక్కదాని మీద కూడా ఎర్ర చుక్క లేదు. ఆ షీట్లు వేసింది అమ్మ పక్క కుర్చీ ఆవిడ. నీకు గుర్తుందా, నువ్వు నీలం పిన్ని అనేదానివట? గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నీలం రంగు ఉండేదట, నిన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేదట. ఒకరోజు నుంచి మనింటికి రావడం మానేసింది. ఎందుకు రావడం లేదని నువ్వడిగితే, ఊరు మారిందని అమ్మ చెప్పింది.

ఊరు మారలేదు. తీసేశారు. సినిమా ఆడిన నెలకి ఆవిడ పెద్దాయన గదిలోకి వెళ్ళి, "మచ్చ నాది, మేక మా గదిది, తెర మీద మా పేర్లు వెయ్యండి" అని అడిగింది. ఒక్కతే వెళ్ళలేదు. ఏడుగురి తరఫున వెళ్ళింది. వారం తిరక్కుండా కంపెనీవాళ్ళు ఒక కాగితం తయారు చేసుకున్నారు. రెండో కవరులో ఉన్నది దాని నకలు. చదువు. "మేక బొమ్మ, మచ్చ మారడం, రెండూ యజమానిగారి ఆలోచనలే. నా పక్కన కూర్చునే ఆమె చెప్పేది అబద్ధం. ఇది నా ఇష్టపూర్వకంగా రాసిస్తున్నాను." కింద సంతకం ఎవరిదో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ చేతిరాతతోనే నీ బడి పుస్తకాలకి అట్టల మీద పేరు రాసేది.

ఆ ఒక్క సంతకం వాళ్ళకి సరిపోయింది. ఆ తర్వాత అమ్మ ఇరవై రెండేళ్ళు ఆ గదిలో పనిచేసింది. నా ఉద్యోగం కూడా ఆ కాగితం చలవేనేమో. నాకు తెలియదు. తెలుసుకోవాలని వెతకలేదు.

కాగితం దొరికిన రోజు అమ్మని అడిగాను. గోడవైపు తిరిగి పడుకుంది. అటే తిరిగి అంది, "చెప్పకుండా ఉండలేకపోయానురా. దాని పేరు చెప్పే ముఖం లేదు. అందుకని నా పేరు పెట్టి చెప్పుకున్నాను." ఇంకొకటి అంది, "అక్కకి చెప్పకు. అది ఒక్కతే నన్ను గొప్పదాన్ని అనుకుంటోంది."

ఇప్పుడు నీ వంతు తిట్టు నేను తిడతాను. ప్రతి మహిళా దినానికీ ఆవిణ్ణి వేదికెక్కించావు. "మేకకి ప్రాణం పోసిన చెయ్యి ఇదే" అని ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తావు. ఆవిడ ఒక్కసారైనా మైకు ముందు నోరు విప్పిందా? సిగ్గు అనుకున్నావు. వినయం అని రాశావు. ఇంటికొచ్చి అన్నం ముట్టేది కాదు. ఆ పెద్దాయన ఒక్కసారి సంతకం పెట్టించుకున్నాడు. నువ్వు ఏటా పెట్టించావు.

ఇప్పుడు వేసుకో, ముఖచిత్రం. నా ఉత్తరాలూ వేసుకో.

నీలం పిన్ని బతికే ఉంది. డెబ్బై నాలుగేళ్ళు. చిరునామా ఈ కాగితం వెనకవైపు ఉంది. ఏనాడో సంపాదించాను. వెళ్ళే ధైర్యం నాకు లేదు. నీకు ధైర్యం ఎక్కువ కదా.

తమ్ముడు

*

అచ్చాఫీసు మీది గది,
మార్చి 29

తమ్ముడూ,

కాగితం తిప్పి చూడు. అవతలివైపు అమ్మ ఉంది. ఐదొందల ముఖచిత్రాల్లో ఇదొకటి. మిషను ఆపించాను. మిగిలినవాటి వీపు తెల్లగానే ఉంది కాబట్టి చిత్తు కాగితాలుగా వాడుకుంటున్నాను.

నీ ఉత్తరం నేను నమ్మలేదు, చెప్తున్నాను. మూడు రోజులు నమ్మలేదు. నా బడి పుస్తకాల అట్టలు తెచ్చి ఆ సంతకం పక్కన పెట్టాను. కంపెనీవాళ్ళు దొంగ సంతకం చేయించి ఉంటారు, నువ్వు వాళ్ళతో కలిసిపోయి ఉంటావు అనుకున్నాను. అది కూడా కుదరక, నీలం చుక్క నువ్వే పెట్టావనుకున్నాను. నాలుగో రోజు బస్సెక్కాను.

బట్టలు కుట్టే దుకాణం మీద ఒకే గది. తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు కావాలమ్మా?"

"నేను... ఎర్ర చుక్క కూతుర్ని."

"జడలదానివా! ఇంత లావయ్యావేంటే! రా, నిన్నిప్పుడు ఎత్తుకోలేను, నడిచే రా."

కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. సభల్లో గంటన్నర మాట్లాడేదాన్నే. అమ్మ రాసిచ్చిన కాగితం నకలు ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాని గురించి విన్నది గానీ ఎప్పుడూ చూడలేదట. కళ్ళజోడు వెతుక్కుంది, అది తల మీదే ఉంది. ఒక్కో అక్షరం చదివింది. నేను కింద మిషన్ల చప్పుడు వింటూ కూర్చున్నాను.

"రాత బాగుంది. దానిదెప్పుడూ బాగుండేదిలే" అంది.

"పిన్నీ, అమ్మ నిన్ను అడిగిందా, ఇది రాసేముందు?"

"అడగలేదు. అడిగి ఉంటే తిట్టేదాన్ని. తిట్టి, రాయమనేదాన్నేమో. ఇద్దరు పిల్లలు దానికి. కానీ అడగలేదు. అదే కోపం నాకు, రాసినందుకు కాదు."

"తర్వాతెప్పుడైనా వచ్చిందా?"

"వచ్చింది, కింద దుకాణం దాకా. జాకెట్లు కుట్టించుకునేది, కొలతలిచ్చి పోయేది. మెట్లెక్కేది కాదు. పైన నేనున్నానని దానికి తెలుసు, కింద అది ఉందని నాకు తెలుసు. మొండిఘటం. నేనేం తక్కువా, నేనూ దిగలేదు."

ఇరవై ఏళ్ళు, తమ్ముడూ. పన్నెండు మెట్లు.

నేను అలవాటుకొద్దీ అన్నాను: "అయితే మేకని కన్నది నువ్వే. నా పత్రికలో అలాగే రాస్తాను." ఆవిడ నవ్విన నవ్వుకి కింద మిషను ఆగింది.

"నీకు ఎవరో ఒకరు కనాలి కదూ! ఆ పెద్దాయనకీ అదే జబ్బు. ఒసేయ్, నోటీసు మీద ఒకావిడ కొమ్ములు గీసింది, చెయ్యి కడుక్కుని వస్తూ ఇంకొకామె గడ్డం పెట్టింది. పొదుగు మీ అమ్మ పెట్టింది, ‘మగదైతే నోటీసు రాస్తుంది గానీ తినదు’ అంది. నేను చెవికి మసి పూశాను. మిగతా ముగ్గురూ తలుపు దగ్గర కాపలా కాశారు. కాపలా లేకపోతే మేకే లేదు. రాస్తే ఏడుగుర్నీ రాయి. లేకపోతే మానెయ్యి."

తమ్ముడూ, ముప్ఫై ఏళ్ళుగా నేను రాస్తున్నదేమిటి? పని పదిమందిది, పేరు ఒక్కడిది అని. మరి నేను చేసిందేమిటి? ఆ ఒక్కడి కుర్చీలో అమ్మని కూర్చోబెట్టాను. కుర్చీని మాత్రం కదపలేదు. నువ్వు మూల కత్తిరించావు. నేను ఆరుగురిని కత్తిరించాను. నా కత్తెర పెద్దది.

అలాగని నిన్ను వదలను. అమ్మ మీద ప్రేమతో కత్తిరించావు, ఒప్పుకుంటాను. కానీ ఆ కత్తెర వల్ల లాభం ఎవరికి? గడ్డం గీసుకునే పెద్దమనిషికి. అమ్మ పరువూ ఆయన కీర్తీ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఒకదాన్ని దాస్తే రెండోదీ క్షేమం. అది తెలిసే వాళ్ళు అమ్మ చేత రాయించారు. అందుకే ఆ కాగితం బయటికి రావాలి. అమ్మకి అది అవమానమా? కావచ్చు. బతికుండగా ఆవిడ ఎక్కలేని మెట్లు అవి. మనం ఎక్కుదాం.

వచ్చేముందు పిన్నిని అడిగాను, ఈ సంతకం అందరూ చూసేలా అచ్చువెయ్యనా అని. "వెయ్యి. కింద నాకు కాస్త చోటు ఉంచు" అంది. పెన్ను తీసుకుని, నకలు మీద అమ్మ సంతకం కింద ఒకే మాట రాసింది. "చదివాను." ఆ కాగితం దీనితో పంపుతున్నాను. పారేశావంటే చంపుతాను.

పుస్తకం మేలో అచ్చుకెళ్తుంది. నువ్వు ఇంకా రికార్డు గది అధికారివే. నా డిమాండ్లు ఇవి:

1. పద్నాలుగో పేజీలో షీటు నాలుగు మూలలతో పడాలి. నీలం చుక్క రంగులోనే పడాలి.

2. అద్దం, గడ్డం, నురగ మొదటి అధ్యాయంలోంచి పోవాలి.

3. పెద్దాయన బొమ్మ ఉండొచ్చు. దాని మీద తేదీ తర్వాత వేసినదని పక్కనే రాయాలి.

4. ఏడుగురి పేర్లు, ఇంటిపేర్లతో సహా, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. కాపలా కాసిన ముగ్గురితో మొదలుపెట్టాలి. హాజరు పట్టీ నీ బీరువాలోనే ఉంది.

5. మేక తిన్న నోటీసు పూర్తి పాఠం వెయ్యాలి.

6. మేక ఆడమేక అని రాయాలి. పొదుగు ఏ సంవత్సరంలో చెరిపారో రాయాలి.

7. గేటు దగ్గర మేక చేతిలోని బోర్డు తీసెయ్యాలి.

8. అమ్మ రాసిచ్చిన కాగితం మొత్తం వెయ్యాలి, సంతకంతో, కింద పిన్ని మాటతో. అమ్మని మంచిదనీ చెడ్డదనీ ఎక్కడా అనకూడదు. ఎర్ర చుక్క అని రాస్తే చాలు.

9. కంపెనీ ఒప్పుకోకపోతే నీ పేరు పుస్తకం మీద ఉండకూడదు. ఇవన్నీ నా పత్రికలో పడతాయి, నేను చేసిన తప్పుతో సహా.

10. వచ్చే ఆదివారం నువ్వు నాతో రావాలి. అసలు షీటు ఒకటి తేవాలి. పన్నెండు మెట్లూ ఎక్కాలి.

11. వీటికి ఒప్పుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టి పంపాలి. పెట్టేముందు, ఏం రాశావో ఒకసారి పైకి చదువుకోవాలి.